శరభ శబ్ద విచారము

మన నిఘంటువులు శరభమునకు ‘ఎనిమిది కాళ్లు గలదియు, సింహమును జంపునదియు నగు మృగ’ మని యర్థము వ్రాయుచున్నవి. అచ్చతెనుఁగున దీనికి మీఁగండ్లమెక మని పేరు. మెకము మృగశబ్దభవము. కన్నులు మీఁదివైపున నుండునను భావముచే నా పేరు గలిగినది. బాలు రీ యర్థమును వల్లించుచున్నారు, ఉపాధ్యాయులు వల్లె వేయించుచున్నారు. ఇట్టి జంతువు భూమిపై నెన్నఁడైన నుండెనా, లేనిచో నీ పదము మన వాఙ్మయమున నెట్లు పాదుకొనెను అను ప్రశ్నము మాత్రము తఱచుగా నడుగఁబడదు. ఆ ప్రశ్నమును న న్నొక బాలుఁ డడిగెను. అప్పటికి దానికిఁ దగిన సమాధానము నా యొద్ద లేకపోవుటయే యీ వ్యాసమునకుఁ గారణము.

నేను పాఠము చెప్పుచున్న దోమ గ్రామము పరిగి సమీపమున, 2016లో నేర్పడిన వికారాబాదు జిల్లాలో నున్నది. ఈ సీమ శైవవైష్ణవములు రెండును జేరి నిలిచిన చోటు. వికారాబాదు చెంత ననంతగిరిపై ననంతపద్మనాభస్వామి వెలసియున్నాఁడు. తాండూరులో భావిగి భద్రేశ్వరస్వామికి జాతర జరుగును. పడమటివైపు కన్నడదేశము. 1956లో రాష్ట్రముల పునర్విభజనము జరుగువఱకు తాండూరు, కొడంగలు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివి. కావున వీరశైవుల యాచారములును, వీరభద్రుని కొలుపులును మా పల్లెలకుఁ గ్రొత్తవి కావు. వీరభద్రుని యుత్సవములందు ఖడ్గము చదువుట, నారసములు పొడుచుకొనుట, అగ్నిగుండము త్రొక్కుట తెలంగాణమునఁ బ్రసిద్ధములు. అప్పుడు భక్తు లెలుఁగెత్తి ‘అశ్శరభ! శరభ!’ యని కేక వేయుదురు. శరభయ్య యను పేరును, శరభాంకలింగ శతక మను పేరును దెలుఁగువారికిఁ దెలిసినవే. చదువు రాని వృద్ధుని నోటను, శబ్దశాస్త్రము చదివినవాని నోటను సమానముగా నాడుచున్న సంస్కృతపదములు కొన్నియే కలవు. వానిలో నిది యొకటి.

ఒకనాఁటి సాయంకాలము నలువురైదుగురు బాలుర కమరమునందలి సింహాదివర్గమును జెప్పుచుంటిని. శరభపదము వచ్చినది. ‘ఇది కవికల్పితము. ఇట్టి జంతువు లేదు. అర్థము మాత్రము కంఠస్థము చేయుఁడు’ అని ముందునకుఁ బోఁబోయితిని. వీరభద్రుని గొలుచు నింటిలోఁ బుట్టిన యొక బాలుఁడు లేచి యడిగెను. వాని మాటలనే వ్రాయుచున్నాను. ‘పంతులుగారూ, మా తాత గుండంల నడిచేటప్పుడు శరభ శరభ అని మొత్తుకుంటడు. ఆ జంతువు లేనే లేదంటిరి. మరి మా తాత ఎవలను పిలుస్తున్నట్టు?’ నేను బదులు వెదకుకొనుచుండఁగనే, వైష్ణవుల యింటి బాలుఁ డొకఁడు ప్రక్కనుండి, ‘లేకుంటెనే మంచిది. మా నర్సింహస్వామిని అదే సంపిందని వీండ్లు చెప్పుకుంటరు’ అనెను. మాటకు మాట పెరిగినది. ఇద్దఱిని గసరి కూర్చుండఁబెట్టితిని. కసరుట సమాధానము కాదు. ఆ రాత్రి పుస్తకములు విప్పితిని. విప్పిన పిమ్మట, ముప్పది యేండ్లుగా నే నీ పదమును గూర్చి చెప్పుచు వచ్చినదానిలో నొక తప్పు గూడ నున్నదని తెలిసికొంటిని.

అనేకార్థకమగు పదమున కొకచో నర్థము నిర్ణయించుటకు భర్తృహరి వాక్యపదీయమునఁ గొన్ని హేతువులను జెప్పెను. అందు సాహచర్య మొకటి, విరోధ మొకటి. రామలక్ష్మణు లనినప్పుడు లక్ష్మణుని సాహచర్యముచే రాముఁడు దాశరథి యని తెలియును. రామార్జును లనినప్పుడు కార్తవీర్యుని విరోధముచే రాముఁడు భార్గవుఁ డని తెలియును. ఈ రెండు హేతువులను జేతఁబట్టుకొని శరభపదమును గ్రంథములవెంట నడిపించినచో, దాని చరిత్రము రెండు భాగములుగా విడిపోవును. ప్రాచీనగ్రంథములందు శరభమునకుఁ దోడుగా నేవి యున్నవో చూడవలెను. అనంతరగ్రంథములందు శరభమున కెదురుగా నేది యున్నదో చూడవలెను.

మొదట వేదమును జూతము. అథర్వవేదము తొమ్మిదవ కాండమున పంచౌదనమను నజదానమును గూర్చిన సూక్త మొకటి కలదు. అందు పరలోకమునకుఁ బోవు మేఁక, దాఁటరాని తావులను దాఁటవలసినదై, శరభముతోఁ బోల్పఁబడినది. మేఁకకు శరభ ముపమానము. శుక్లయజుర్వేదమునఁ బురుషుఁడు, అశ్వము, గోవు, అవి, అజము అను నైదు గ్రామ్యపశువులకును వరుసగా నైదు వన్యములు చెప్పఁబడినవి. అందు మేఁకకు సరిగా నిలిచినది శరభము. ఐతరేయ బ్రాహ్మణముననుఁ గథ యిట్టిదే. యజ్ఞమునకుఁ దగిన సారమగు మేధము పురుషునినుండి యశ్వమునకును, అశ్వమునుండి గోవునకును, దానినుండి గొఱ్ఱెకును, గొఱ్ఱెనుండి మేఁకకును బోయి, తుదకు భూమిని జొచ్చి వ్రీహి యయ్యెను. మేధము విడిచిన పురుషుఁడు కింపురుషుఁ డయ్యెను. అశ్వము గౌరమృగమును, గోవు గవయమును, గొఱ్ఱె యుష్ట్రమును, మేఁక శరభమును నయ్యెను. ఇందు గౌర గవయ ఉష్ట్రములు మనుష్యులు కన్నులఁ జూచిన జంతువులు. కింపురుషుఁడు సందేహాస్పదుఁ డనవచ్చును గాని, వానిని వానరభేదముగాఁ దలంచు పండితులు గలరు. ఇట్టి పంక్తిలోఁ గూర్చుండిన శరభమును మాత్ర మెనిమిది కాళ్లదానినిగాఁ దలంచుటకు సాహచర్య మొప్పుకొనదు. ఈ చోట్ల నెందును గాళ్ల లెక్క లేదు, సింహము లేదు. ఉన్నది మేఁక యొక్కటియే.

నా తప్పిచ్చటనే యున్నది. శుక్లయజుర్వేదమునకు మహీధరుఁడు వ్యాఖ్య వ్రాయుచు నిచ్చటి శరభమునకుఁ గూడ సింహఘాతి యగు నష్టపాదమృగ మనియే యర్థము చెప్పెను. నేను దానిని నమ్మి, ‘వేదమునందే యెనిమిది కాళ్ల శరభము గల’దని శిష్యులకుఁ జెప్పుచు వచ్చితిని. 1912లో వైదికపదసూచికను బ్రకటించిన మాక్డొనెల్, కీతు పండితు లీ వ్యాఖ్య నిరాధార మనియు, శరభము మేఁకకు దగ్గఱి సంబంధము గల వన్యమృగమై యుండు ననియుఁ దలంచిరి. పరదేశస్థుల మాట యని దానిని నేను బెడచెవిని బెట్టితిని. ఇప్పుడు మూలములను వరుసగాఁ జదువఁగా వారి మాటయే సాధువుగాఁ దోఁచుచున్నది. వ్యాఖ్యాత తన కాలమున రూఢమైన యర్థమును వేలయేండ్ల వెనుకటి వాక్యమునందుఁ బెట్టెను. వ్యాఖ్యాత యెంతటివాఁ డైనను మూలముకంటెఁ బిన్నయే కదా.

వ్యాకరణము గూడ నిందుకుఁ దోడ్పడుచున్నది. ఉణాదులందు హింసార్థకమగు శౄధాతువునకు అభచ్ప్రత్యయము చేర్చి శరభపదమును సాధింతురు. హింసించునది గావున శరభమఁట. ఈ వ్యుత్పత్తిని జూపి, సింహఘాతుకత్వము పదమునందే యున్నదని వాదించువారు గలరు. ఆ సూత్రమే కరభ, శలభ, కలభ, గర్దభపదములను గూడ సాధించుచున్నది. వృషభ, ఋషభములును దగ్గఱివే. శలభ మనఁగా మిడుత. దానిని దొలఁగించి చూచినచో, ఈ కుటుంబమంతయు మనము నిత్యము చూచు నాలుగుకాళ్ల జంతువులదే. ఒంటెపిల్ల, ఏనుఁగుగున్న, గాడిద, ఎద్దు. యవనభాషయందు లేడికి ఎలఫోస్ అనియు, మేఁకపిల్లకు ఎరిఫోస్ అనియుఁ బేళ్లు. వాని చివరి ప్రత్యయమును మన భకారమును నొకటే యని భాషాచరిత్రజ్ఞులు నిర్ణయించిరి. కావున భాంతనామము జంతువులకుఁ బెట్టుట మిక్కిలి ప్రాచీనమగు పద్ధతి. ఇఁక వ్యుత్పత్తి మాట. ఉణాదిప్రాతిపదికము లవ్యుత్పన్నములను పక్షము పాణినీయులకు సమ్మతమే. అర్థము స్థిరపడిన పిమ్మటఁ గల్పించిన వ్యుత్పత్తి యర్థమునకు సాక్షి కాఁజాలదు.

‘అష్టాపద’ మను నామాంతర మింకొక వాదమునకుఁ దావిచ్చినది. పాణిని సంజ్ఞయం దష్టన్శబ్దమునకు దీర్ఘమును విధించెను. కావున నిది పేరు, వట్టి విశేషణము గాదు. అమరుఁ డీ పదమునే బంగారమునకును, పాచికలాడు పలకకును వ్రాసెను. బంగారమునకుఁ గాళ్లు లేవు. సంజ్ఞ యైనంతమాత్రమున నవయవార్థము సిద్ధింపదని వైయాకరణులకుఁ జెప్పనక్కఱలేదు.

వేదమునకుఁ దరువాతి గ్రంథములందుఁ గూడ ప్రాచీనార్థము కొంతకాలము నిలిచియున్నది. రామాయణమున వానరయూథపతులలో గజుఁడు, గవయుఁడు, శరభుఁడు గలరు. ఈ పేళ్లు మృగములనుండి వచ్చినవి. పాలిజాతకములందు 483వది శరభమృగజాతకము. అందు బోధిసత్త్వుఁడు శరభమృగమై, తన్ను వేఁటాడుచు గుంటలోఁ బడిన రాజును బైకిఁ దీసి రక్షించును. ఆర్యశూరుని జాతకమాలయందును నిది కలదు. ఈ శరభము హింసించునది గాదు, శత్రువును రక్షించునది. తుద కమరసింహుఁడు సింహాదివర్గమున శరభమును గంధర్వ, రామ, సృమర, గవయ, శశములతోఁ గూర్చెను. చెవులపిల్లి చెంతను, అడవియావు చెంతను దీనిని నిలిపిన యమరుఁ డిది యద్భుతజంతు వని యొక్కమాటయుఁ జెప్పలేదు. నే నా బాలురకు వర్గమును జదివించుచు నీ వరుసను జూడకపోతిని.

ఇఁక విరోధమును విచారింతము. మహాభారతము శాంతిపర్వమున భీష్ముఁడు ధర్మరాజునకుఁ జెప్పిన యొక కథ గలదు. వనమున నొక మునికడ విశ్వాసముగల కుక్క యుండెను. చిఱుతపులి దానిని జంపరాఁగా ముని దానిని జిఱుతగాఁ జేసెను. పులి రాఁగాఁ బులిగాఁ జేసెను. ఏనుఁగు రాఁగా నేనుఁగుగాను, సింహము రాఁగా సింహముగాను జేసెను. పిదప నెనిమిది కాళ్ల శరభము సింహమును జంపవచ్చెను. ముని సింహమును శరభముగాఁ జేసెను. అది బలగర్వమున మునినే చంపఁదలఁచినది. ముని దానిని మరలఁ గుక్కను జేసెను.

ఈ కథ నిర్మాణమును జూడుఁడు. కుక్క, చిఱుత, పులి, ఏనుఁగు, సింహము, ఇవి యన్నియు నడవి యెఱిఁగిన జంతువులే. సింహమునకుఁ బైన వేఱొక జంతువు లేదు. కథకు మాత్ర మింకొక మెట్టు కావలెను. అప్పటికి శరభ మనఁగా నెట్టిదో మైదానదేశమువారికిఁ దెలియకపోయి యుండును. పేరు మాత్రము వేదమునుండి వినవచ్చుచున్నది. పదార్థము మఱపునఁ బడిన పేరునకు నేయాకారమునైన నీయవచ్చును. సింహమునకు నాలుగు కాళ్లు గాన దీనికి ద్విగుణముగా నెనిమిది యిచ్చిరి. శరభమున కెనిమిది కాళ్లు గలిగిన విధమిది యని నా యూహ. కొండలందు శిఖరమునుండి శిఖరమునకు దుముకు వన్యమేఁకలను గూర్చి విన్న వార్తలు గూడ నిందుకుఁ దోడ్పడియుండవచ్చును. ఎట్లైనను నిచ్చటినుండి శరభమున కర్థమిచ్చునది మేఁక సాహచర్యము గాదు, సింహవిరోధము. అష్టపాదత్వమును నిజముగా నమ్మువారు గలరేని వారి కొక్కమాట. ఎముకల గూడు గల భూచరములలో, బ్రతికియున్నవానియందుఁ గాని, ఱాళ్లలో నెముకలు దొరకిన ప్రాచీనములయందుఁ గాని, నాలుగు కాళ్లకు మించిన జాతి యొక్కటియు లేదు.

కాళిదాసు మేఘసందేశమున హిమవంతముపై శరభములను జెప్పెను. అవి పైకెగసి మేఘమును లంఘింపఁబోయి తమ యవయవములనే విఱుగఁగొట్టుకొనునఁట. కవి కాళ్లను లెక్కింపలేదు. శరభము కొండలపైనిది, ఎగిరి దుముకునది యను ప్రాచీనభావము మాత్ర మిందు నిలిచియున్నది. వ్యాఖ్యాత యగు మల్లినాథుఁ డిచ్చటి శరభముల నష్టాపదమృగము లని వివరించెను. ఆ మహావ్యాఖ్యాత మన మెదకుసీమలోని కొలిచెలమ వంశమువాఁడు. మహీధరునివలెనే యీయనయుఁ దన కాలపు రూఢిని వ్రాసెను. మూలమునఁ గాళ్ల లెక్క లేకపోవుటయు, వ్యాఖ్యయం దుండుటయు శరభచరిత్రమున మఱల మఱలఁ గనఁబడు లక్షణము.

పురాణముల కాలమున నీ మెట్ల కథ దేవతలకెక్కినది. హిరణ్యకశిపుని జంపిన నరసింహుని యుగ్రత్వ మెంతకును శమింపదయ్యెను. నరసింహునకు మించినదేది? లింగపురాణము శివాజ్ఞచే వీరభద్రుఁడు పోయి నరసింహుని బ్రార్థించె ననియు, అది ఫలింపకపోఁగా శరభరూపమును దాల్చి యణఁచె ననియుఁ జెప్పుచున్నది. ఈ శరభమునకు ఱెక్కలును జంచువును గలవు. సగము మృగము, సగము పక్షి. కాళికాపురాణమున వరాహమూర్తితోడను శరభము పోరినది. చోళదేశమున దారాసురము, త్రిభువనము దేవాలయములందు శరభమూర్తి శిల్పములు పండ్రెండు, పదుమూఁడు శతాబ్దులలో వెలసినవి. శైవు లొక మెట్టెక్కఁగా వైష్ణవు లూరకుండలేదు. శరభమును జీల్చు రెండు తలల పక్షిగా గండభేరుండమును జెప్పిరి. విజయనగరపు రాజగు నచ్యుతదేవరాయల (1529–1542) నాణెములపై గండభేరుండము గలదు. మునియొక్క కుక్క కథ మరల జరిగిన దనవచ్చును. భేద మొక్కటియే. ఈ మాఱు మెట్లెక్కించినవారికి దింపు మంత్రము తెలియలేదు.

ఇచ్చట నొక యపోహను దొలఁగింపవలెను. శరభము వైష్ణవులను బరాభవించుటకై శైవులు కల్పించిన జంతు వని కొందఱందురు. వేదము, జాతకము, భారతము, కాళిదాసు, అమరుఁడు, వీరిలో నెవ్వరికిని నరసింహునితో వైరము లేదు. శైవులు శరభమును గల్పింపలేదు. అప్పటికే సింహవైరి యని ప్రసిద్ధమైన పేరును గ్రహించిరి. సింహముఖుఁడగు దేవునికిఁ బ్రతిగా సింహవైరిని నిలుపుట పదముయొక్క విరోధార్థమునుండి పుట్టినదే. కావున కలహమునకు మూలము జంతువు గాదు, నిఘంటువు.

పేరు దేహమును మార్చుకొనుట యంతటితో నాఁగలేదు. కర్ణాటక రాష్ట్రముద్రయందు మైసూరు రాజుల గండభేరుండము నడుమ నున్నది. ఇరువైపులను నేనుఁగుతల గల సింహములు నిలిచి దానిని గాచుచున్నవి. వానిని శరభము లనుచున్నారు. కాళ్లు నాలుగే. ఱెక్కలు లేవు. ఇట్టి గజసింహసంకరములను శిల్పులు వ్యాళము లందురు. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుఁడు కట్టించిన పాలంపేట రామప్పగుడియందు మదనికలతోఁబాటు నిట్టి వ్యాళమూర్తులును బైకప్పు నంటి నిలిచియున్నవి. కర్ణాటకముద్రలో శరభనామము వ్యాళమున కంటినది. పురాణములందుఁ బరస్పరము చీల్చుకొనిన రెండును నొక్క ముద్రలోఁ బ్రక్కప్రక్కను నిలిచి రాష్ట్రమును గాచుచుండుట మన బాలురకుఁ జూపఁదగినది.

పదార్థము పోయినను బదము బ్రతికి, క్రొత్త పదార్థమును గల్పించుకొనుట మన దేశమునకే పరిమితమైనది గాదు. యూదుల పవిత్రగ్రంథమున ‘రెఏమ్’ అను బలిష్ఠమృగము చెప్పఁబడినది. క్రీస్తునకుఁ బూర్వము అలెగ్జాండ్రియా నగరమున దానిని యవనభాషకుఁ బరివర్తించినవారు ‘ఒంటికొమ్ము మృగ’ మని వ్రాసిరి. 1611లో వెలువడిన యాంగ్లపరివర్తనమునఁ గూడ నొంటికొమ్ము గుఱ్ఱముగాఁ జిత్రింపఁబడు కల్పితమృగముయొక్క పేరే నిలిచినది. అనంతరము ప్రాచీనమగు నస్సిరియా శాసనములు చదువఁబడినవి. అందలి ‘రీము’ పదముతోఁ బోల్చి చూడఁగా, రెఏమ్ అనునది యడవియెద్దు అని తేలినది. 1885 నాఁటి సవరణయం దాంగ్లేయు లట్లే దిద్దుకొనిరి. ఆ యడవియెద్దు జాతిలోఁ గడపటిది 1627లో పోలెండు దేశపు టడవిలోఁ జచ్చినది. అచ్చట నడవియెద్దునకుఁ గొమ్మొకటి తగ్గినది. ఇచ్చట నడవిమేఁకకుఁ గాళ్లు నాలుగు పెరిగినవి. కారణ మొక్కటియే. వారు తమ నిఘంటువును దిద్దుకొనిరి. మనము దిద్దుకొనలేదు.

ఇఁక బాలుని ప్రశ్నము. లేని జంతువును వాని తాత యెట్లు పిలుచుచున్నాఁడు? వైయాకరణున కిది క్రొత్త ప్రశ్నము గాదు. అర్థవంతమగు శబ్దమునకే ప్రాతిపదికసంజ్ఞ యని పాణిని. కుందేటికిఁ గొమ్ము లేదు గదా, శశశృంగపదమున కర్థవత్త్వ మెట్లు? అర్థము బాహ్యమే కానక్కఱలేదు, బుద్ధియందున్న యర్థమే శబ్దార్థ మని నాగేశభట్టు సమాధానము చెప్పెను. ఇందొక వింత గలదు. మనము లేనిదానికిఁ దొలి యుదాహరణముగాఁ జెప్పు కొమ్ముల కుందేటిని ఐరోపాపండితులు పదునాఱవ శతాబ్దిని నిజమగు జంతువుగా గ్రంథములందుఁ జిత్రించిరి. 1933లో షోపు అను వైద్యశాస్త్రజ్ఞుఁడు, కొన్ని యడవికుందేళ్లకుఁ జర్మముపైఁ గొమ్ములవంటి గడ్డలు మొలచు నొక యంటువ్యాధిని వర్ణించెను. అట్టి కుందేళ్లను జూచియే యా చిత్రములు పుట్టియుండు నని యిప్పటివారి తలంపు. కావున ‘లేదు’ అను మాటను సైతము తొందరపడి పలుకరాదు. కొమ్ము లేదు, కొమ్మని తలఁచుటకుఁ గారణము మాత్ర ముండెను. ఎనిమిది కాళ్ల శరభము లేదు. శరభ మను పేరు గల మృగము మాత్ర ముండెను.

గుండమునొద్ద వినవచ్చు కేకను గూర్చి యొక్కమాట. ‘అశ్శరభ’ యనుచో మొదటి యక్షరమేది? ‘ఆః’ అను నావేశసూచకమగు నవ్యయమునకు శరభపదము పరమైనప్పుడు, విసర్గమునకు వికల్పముగా శకారము వచ్చి ‘ఆశ్శరభ’ యగును. మొదటి దీర్ఘము కేకలో హ్రస్వమై యుండునని నా తలంపు. ‘దశ్శరభ’ యని కూడఁ బలుకుదురు. అది ప్రాసకై పుట్టిన జంటయై యుండవచ్చును. కేకలో సంధిసూత్రమును వెదకుట వైయాకరణుని వ్యసన మని నవ్వువారు నవ్వుదురు గాక. వీరభద్రుఁడే శరభరూపమును దాల్చె నను లింగపురాణకథ యుండుటచే, ఆ కేకలోని శరభుఁడు వీరభద్రుఁ డని మాత్రము నిస్సందేహముగాఁ జెప్పవచ్చును. ఆ వృద్ధుఁడు నిప్పులపైఁ గాలు మోపునప్పుడు కాళ్లెన్ని యని లెక్కించుట లేదు. నరసింహునిఁ దలంచుటయు లేదు. తన దైవమును బిలుచుచున్నాఁడు, అంతియే. ఆ నోటఁ బదము మూఁడవ యర్థమును బొందినది. సాహచర్యమునుండి విరోధమునకు వచ్చిన పదము, విరోధమును విడిచి శరణాగతిగా మాఱినది.

మఱునాఁ డా యిద్దఱు బాలురను బిలిచి, కుక్క కథను మొదటినుండి తుదివఱకుఁ జెప్పితిని. అమరపంక్తిని జదివించి, శరభము ప్రక్క నేయే జంతువు లున్నవో వారిచేతనే చెప్పించితిని. ‘అట్లయితే మొదలు మేకనా?’ అని శైవబాలుఁ డడిగెను. మేఁకవంటిది యంటిని. వాఁడు కొంచెము చిన్నవోయెను. ‘మీ తాత పిలుచునది మేఁకను గాదు, వీరభద్రుని. పేరు పాతది, పిలుపు మీది’ యని చెప్పఁగా సమాధానపడెను. రెండవ బాలుఁడు, ‘మరి నర్సింహస్వామిని సంపలేదా?’ యని యడిగెను. ‘సింహమునకు మించిన దేదని మనుష్యులు వెదకిన కథ యది. ఎక్కినవారు దిగుట నేర్చుకొనవలె నని మునియొక్క కుక్క చెప్పుచున్న’ దంటిని. వారికి నా మాట లెంతవఱకు నెక్కెనో యెఱుఁగను. ఆనాఁడు మాత్ర మిద్దఱును గలిసియే యింటికిఁ బోయిరి.

పాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. నిఘంటువులందును బాఠ్యపుస్తకములందును శరభమున కర్థము వ్రాయునప్పుడు మూఁ డర్థములను గాలక్రమమున వ్రాయుట మేలు. ఒకటి, వేదమున మేఁకకు సరిగాఁ జెప్పఁబడిన వన్యమృగము. రెండు, ఇతిహాసాదులందు సింహవైరియై, యెనిమిది కాళ్లు గల కల్పితమృగము. మూఁడు, వీరభద్రుఁడు దాల్చిన రూపము. ఈ మూఁటిని గలిపి యొక్కటిగా వ్రాయుటచేతనే బాలుఁడు నమ్మిన నమూఢుఁడు గాలేఁడు, నమ్మకున్నఁ దాతను నవ్వవలసినవాఁ డగుచున్నాఁడు. నా పాఠపుస్తకమునందు శుక్లయజుర్వేదపు శరభమునకు ముప్పది యేండ్ల క్రిందట వ్రాసికొనిన యర్థమును గొట్టివైచి, మేఁకజాతి వన్యమృగ మని ప్రక్కను దిద్దుకొంటిని. గవయ, సృమర, గంధర్వాది పదములకును నిట్లే సాహచర్యముచే నర్థవిచారము చేయవలసి యున్నది. ఇందలి ప్రమాదములను విజ్ఞులు సవరింతురు గాక.